ఎల్లస్వామి గ్యాసు కాదన్న పర్వము

స్వస్తి! ధూళిధూసరిత రాజమార్గ విరాజితమును, ఆటోరిక్షా ఘోష ప్రతిధ్వనితమును, శిలాతోరణ విఖ్యాతమును అగు ఓరుగల్లు మహానగరమున, భాద్రపద మాసపు ఒకానొక సోమవారము పొద్దున, ఓపీ చీటీల కిటికీ తెరుచుకొన్న శుభముహూర్తమున, కొత్తవాడ షత్రంజీ తివాచీల నేతలో సాటిలేని మేటి, నూలుపోగుల నేలు రేడు, ఎల్లస్వామి అను మహావీరుడు పెద్ద దవాఖానలో మనసు డాక్టరు గది యెదుట బల్లపై ఆసీనుడై గడగడ వణుకుచుండెను.

ఎవ్వనికి వెరచి? శత్రువునకు ముఖము లేదు, పేరు లేదు. మగ్గముపై కూర్చున్నవానిని కారణము లేకయే కమ్ముకొని, గుండెను దడదడలాడించి, ఊపిరిని బిగబట్టి, అరచేతులను చెమటతో తడిపి, 'ఇదే నీ ఆఖరి ఘడియ' అని చెవిలో చెప్పి వీధిలోనికి పరుగెత్తించు దుర్మార్గుడు వాడు. షత్రంజీ మగ్గమున ఇద్దరు పక్కపక్కన కూర్చుండి నేయవలెను. ఒకరు లేచిన రెండవవారి చేయియు ఆగును. ఎల్లస్వామి లేచినప్పుడెల్ల అతని జోడీయు ధర్మపత్నియు అగు అనసూర్య సగము నేసిన పూవును చూచుచు ఊరక కూర్చుండెడిది. దసరాలోపు కుదురుకొననిచో మగ్గము వేరొక జోడీకిచ్చెదమని నేత సంఘము పెద్దలు తేల్చి చెప్పిరి.

ఇక వైద్యులా? వాడకట్టంతయు వైద్యులే! "గ్యాసురా తమ్మీ! సోడా తాగు, తేన్పు రాంగనే నిమ్మలమైతది!" అని పక్కింటి రాజమల్లు సింహగర్జన గావించెను. ఒకరు తాయత్తు గట్టిరి, ఒకరు నిమ్మకాయ కోసిరి. గుండె పరీక్ష చేయించుకొన్నవానికి బత్తాయిపండ్లు మోసుకొనివచ్చి, మనసు డాక్టరు గడప తొక్కినవానిని చూచి గుసగుసలాడు ధర్మాత్ములు వారు. చివరకు గుండె డాక్టరే విసిగి, "నీ గుండె మంచిగనే ఉంది, మనసు డాక్టరుకు చూపించుకో" అని పంపెను.

బల్లపైనుండి ఆ గది బోర్డును చూచినంతనే వీరుడు తువ్వాలతో మోము గప్పి, ఎదుటనున్న పంటి డాక్టరు బల్లపైకి జరిగి, నొప్పి యెరుగని దవడను చేతబట్టుకొని, మేఘగంభీర స్వరముతో భార్యతో నిట్లనియె:

"యముడే దున్నపోతునెక్కి కొత్తవాడ మూలమీదికొచ్చినా, కొమ్ములు వట్టి ఎన్కకు మలుపుత! గని గా తల్పు మాత్రం దాట! మనోళ్లెవలన్న సూస్తే ఇజ్జత్ పోతది. పా, ఇంటికి పోదాం."

"యముణ్ని తర్వాత మలుపుదువు గని, ముందుగాల నువ్వు లే. మన పేరు పిలుస్తాండ్రు" అని అనసూర్య చేయిపట్టి లాగెను. రణరంగ ప్రవేశము అట్లు జరిగెను.

"ఏమైతాంది అన్నా?" అని మనసు డాక్టరు స్నేహలత అడిగెను.

ఆ జోడీలో నోరు అనసూర్యది. బేరమైనను, చుట్టాల పలకరింపైనను ఆమెయే బదులిచ్చును. అలవాటు చొప్పున ఆమె, "గ్యాసు మేడం" అనెను.

ఆహా, ఎంత చక్కని పలాయన మార్గము! ఔనన్న చాలును, ఒక మాత్రతో ఇల్లు చేరవచ్చును. పరువు పదిలము. కాని మగ్గము? ఆమెతో పక్కపక్కన కూర్చుండి నేసిన చోట వేరొక జోడీ! కురుక్షేత్రమున సైతము ఇంత యుద్ధము జరిగెనో లేదో! ఎల్లస్వామి నోరు తెరచెను.

"గ్యాసు కాదు మేడం. భయం. ఉత్తగనే భయమైతది. పానం పోతాందనిపిస్తది."

పుష్పవృష్టి కురియలేదు. పైన ఫ్యాను కిర్రుమనుచు తిరుగుచునే యుండెను.

"ఇది బీమారే అన్నా, పిరికితనం కాదు. ఆపతి లేకున్నా ఒళ్లు ఆపతొచ్చిందని ఆగమైతది. మందులున్నయి, భయమొచ్చినప్పుడు ఎట్ల నిలబడాల్నో కూసోబెట్టి నేర్పిస్తం. టైం పడ్తది గని తగ్గుతది" అని డాక్టరమ్మ నిదానముగా చెప్పెను.

వీరుడు భార్యవైపు తిరిగి, "గ్యాసని ఎందుకన్నవే?" అనెను.

"పక్కపొంటి కూసునేదాన్ని, నీ చెయ్యి వణుకుడు నాకెర్క లేదా? నేనే జెప్తే నీ ఇజ్జత్ తీసినట్లైతదని వాడకట్టంతా గ్యాసని జెప్పుకుంటొచ్చిన" అని ఆమె కొంగుతో కన్నులొత్తుకొనెను. తాను దాచితినని మురిసినదానిని ఆమె తనకొరకై ఇన్నాళ్లు మోసినదని తెలిసి, ఎల్లస్వామికి సిగ్గును ప్రేమయు ఒక్కసారే ముంచుకొచ్చెను.

జయము, జయము! కోటలు కూలలేదు, రాజ్యములు చేజిక్కలేదు. భయమైనను పూర్తిగ పోలేదు. దంపతులు చీటీతో మందుల కిటికీ కడ వరుసలో నిలిచిరి. ముందున్న పెద్దమనిషి వెనుదిరిగి, "ఏం బీమారి?" అని అనసూర్యను అడిగెను.

అనసూర్య భర్తవైపు చూచెను. ఎల్లస్వామియే చెప్పెను.