పట్టుచీరలో ఫోటో

"పేదరికాన్ని చూడటానికి రెండు కళ్లు చాలవు, సమాజశాస్త్రంలో డాక్టరేటు కూడా ఉండాలి!"

కరీంనగర్‌లో పాఠాలు చెప్పే అరుణ్‌కుమార్ సారు ఈ మాట ఎన్నో సభల్లో సెలవిచ్చారు. అది అక్షరాలా నిజమని మెట్‌పల్లిలో మరమగ్గం నడిపే అంబదాస్ ఇంట్లో తేలింది. ఆ ఇంటి పేదరికం మామూలు కళ్లకు కనబడకుండా అంబదాస్ భార్య అనసూర్య దాచిపెట్టింది మరి!

సారు పరిశోధనకు వస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఆమెకు కాలు నిలవలేదు. పక్కింటి ఐలవ్వను బతిమాలి, ఆమె కొడుకు దుబాయ్ పైసలతో కొన్న సోఫా తెచ్చి వేయించింది. గోడ మీది చెమ్మ మరకకు క్యాలెండర్ అడ్డం పెట్టింది. పెళ్లినాటి పట్టుచీర కట్టుకుంది. ఆ చీరలో ఆమెకు ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్లిలో తీసిన రీలు కాస్తా పాడైపోయింది. ఇప్పుడు సారు కెమెరాతో వస్తున్నారాయె!

సారు వచ్చారు. చూశారు. నీరుగారిపోయారు.

"ఏందమ్మా ఇది? నేను పేదోళ్ల మీద పరిశోధన చేస్తున్న. మీరు సహజంగ ఉండాలె!"

"మేం రోజు గిట్లనే ఉంటం సారూ," అంది అనసూర్య, అలవాటు లేని సోఫా మీంచి జారిపోతూ.

"గిది సహజం గాదు! సోఫా తీసేయుండ్రి. ఫ్యాను బంద్ చేయుండ్రి. పాత చీర లేదా?"

"ఉతికినయి ఉన్నయి సారూ."

"ఉతకంది?"

అది ఆ ఇంట్లో దొరకలేదు. దానికీ ఐలవ్వనే అడగాల్సి వచ్చింది! ఒకే పూట కలిమినీ లేమినీ ఒకే గడప నుంచి అరువు తెచ్చిన ఘనత ఆ వాడలో అనసూర్యది ఒక్కదానిదే. ముక్కుపుల్ల కూడా తీయమన్నారు గానీ, అది ఎంతకీ ఊడి రాలేదు.

మగ్గం చప్పుడు ఆలోచనకు అడ్డం వస్తోందని సారు దాన్ని ఆపించారు. ఆపించి, 'నిరంతర శ్రమ' అని రాసుకున్నారు.

"అంబదాస్, నవ్వకు! నీ సమస్యలు యాదికి తెచ్చుకో!"

"ఇప్పుడైతే మగ్గం ఆగిందే సమస్య సారూ!"

ఫోటో అయింది. అనసూర్య మెల్లగా అడిగింది: "సారూ, పట్టుచీరల ఒక్కటి తీయరాదుండ్రి?"

"కరీంనగర్ల సభ పెడుతున్నమమ్మా. మిమ్ముల స్టేజీ మీదికి పిలిచి సన్మానం చేస్తం. గాడ తీపిస్త. మాటంటే మాటే!"

సభ పేరు 'పేదవాని ఆత్మగౌరవం'. అనసూర్య పట్టుచీరలో, అంబదాస్ ఇస్త్రీ చొక్కాలో పోయారు. గుమ్మం దగ్గర నిర్వాహకుడు అడ్డం నిలిచాడు.

"సన్మానం గా ఫోటోల ఉన్న పేదోళ్లకు. మీరెవలు?"

"గా ఫోటోల ఉన్నది మేమే!"

"పరాచికాలా?"

లోపల వేదిక వెనక, గోడంత ఫోటోలో ఐలవ్వ చీర దిగాలుగా వేలాడుతోంది. అంతలో ముఖ్య అతిథిని వెంటబెట్టుకుని సారు వచ్చారు.

"ఎవరండీ వీరు?" అన్నారు అతిథి.

సారు పట్టుచీర వంక చూశారు. గోడ మీది చీర వంక చూశారు. పరిశోధన మొత్తం ఆ రెండు చీరల మధ్య ఊగుతోంది!

"మా చెల్లె, బావ సార్! మెట్‌పల్లి నుంచి వచ్చిండ్రు."

"మరి ఆ పేద కుటుంబం?"

"పాపం, బస్సు కిరాయికి లేక రాలేదు సార్!"

అనసూర్య గోడ మీది తన ఫోటో వంక చూసింది. పట్టుచీర కొంగు సర్దుకుంది.

"అయ్యో పాపం! పోనీ, మీ చెల్లెలు గారిని వేదిక మీదికి తీసుకురండి, ఒక ఫోటో దిగుదాం," అన్నారు అతిథి ఉదారంగా.

అందరూ ఎక్కారు. సారు గబగబా వచ్చి పెద్ద ఫోటోకు అడ్డంగా నిలబడ్డారు. అనసూర్య సరిగ్గా ఫోటోలోని తన ముఖం కిందికి వచ్చి తల ఎత్తింది. పైనా కిందా ఒకటే ముక్కుపుల్ల మెరిసింది. అతిథి నోరు తెరుచుకుంది.

"అన్నా, నువ్వు జర పక్కకు జరుగు," అంది అనసూర్య సారుతో. తర్వాత ఫోటోగ్రాఫర్ వైపు తిరిగింది.

"తమ్మీ, ముందట నన్ను, ఎనక నన్ను, ఇద్దరం పడేటట్టు తియ్యి!"