మేబెల్ ప్రవర్తనలో మార్పు

నా భర్త ఆర్విల్ వాస్ ఫిబ్రవరిలో ఒక మంగళవారం తెల్లవారుజామున చనిపోయారు. అదే క్షణాన మా కుక్క మేబెల్ ప్రమాదకరమైన జంతువుగా మారింది. సోమవారం రాత్రి పడుకునేటప్పటికి దానిలో అలాంటి లక్షణమేదీ లేదు.

ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. మా కార్బెట్ మిల్స్ చట్టం స్పష్టంగా ఉంది. ఆంక్షల జాబితాలో ఉన్న జాతి కుక్కను పెంచుకునేవారికి, అది ఎవరినైనా కరిస్తే పరిహారం చెల్లించే బీమా ఉండాలి. బీమా ఉన్నంతకాలం ఆ కుక్క మంచి కుక్కే. బీమా పోతే నెలలోగా అది ఊరి పొలిమేర దాటాలి. దాటకపోతే జంతు సంరక్షణ కేంద్రంవారు తీసుకువెళ్లి ప్రాణం తీసే సూది వేస్తారు. మేబెల్ బీమా ఆర్విల్ పేరు మీద ఉంది. ఎప్పుడో ఒక చిన్న రైతుల సంఘం ఇచ్చినది. ఆ సంఘం ఇప్పుడు కొత్తవారికి ఇవ్వడం లేదు. ఆర్విల్ వెళ్తూ వెళ్తూ దాన్ని కూడా తీసుకువెళ్లారు.

ఆ జాబితాను మా పురపాలక సభ ఎంతో శ్రమకోర్చి తయారుచేసింది. అంటే, ఒక సముద్రతీర నగరం చట్టాన్ని తెప్పించి, ఊరి పేరు మార్చింది. అందుకే చేపల పడవల మీద ఉండే కుక్కలను రేవులో ఎలా కట్టెయ్యాలో కూడా అందులో ఉంది. మా అయోవాలో ఎటు చూసినా మొక్కజొన్నే. అయినా రేపెప్పుడైనా సముద్రం మా దాకా వస్తే మేము సిద్ధంగా ఉన్నాం.

జాతిని తేల్చే పద్ధతి కూడా శాస్త్రీయమైనదే. వెడల్పాటి తల, పొట్టి వెంట్రుకలు, కండపట్టిన దవడలు, మొండి చూపు. మా పోలీసు రాండీ ఒక్కసారి చూస్తే చాలు. "ఈ లెక్కన ముందు మన మేయర్ మెడకి పట్టీ వెయ్యాలి" అనేవారు ఆర్విల్. మేయర్ డ్వేన్ హాస్కెల్ నా దగ్గరే నాలుగో తరగతి చదివాడు. రాండీ కూడా అంతే. ఊళ్లో సగంమందికి చదవడం నేర్పింది నేనే. కాబట్టి ఆ జాబితాను వాళ్లు ఎక్కడా తడబడకుండా చదవగలుగుతున్నారు.

మేబెల్ పిట్‌బుల్ కలిసిన సంకరజాతి. బాగా ముసలిది. ముందు పళ్లు ఊడిపోయాయి. ఉరిమితే స్నానాల తొట్టిలో దాక్కుంటుంది. పళ్ల సంగతి, తొట్టి సంగతి శాస్త్రీయ పద్ధతిలో లేవు.

అంత్యక్రియల మర్నాడు రాండీ మా ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో వాళ్లావిడ చెరిల్ చేసి పంపిన వంటకం, బంగాళాదుంపల మీద జున్ను పోసి కాల్చినది. రెండో చేతిలో నోటీసు.

"ఇక్కడో సంతకం పెట్టాలి టీచర్."

"వంటకానికా?"

"అయ్యో, అది చెరిల్ పంపింది. పళ్లెం ఎప్పుడిచ్చినా పర్లేదంది, తొందరేం లేదు. నోటీసుకే, నెల దాటకూడదు."

అతను వంగి మేబెల్ చెవుల వెనక గోకాడు. అది వెల్లకిలా పడి పొట్ట చూపించింది. "ఏమే ముసలీ, బెంగ పెట్టుకున్నావా? నా బంగారం, నా తల్లే!" అని చాలాసేపు పొట్ట నిమిరాడు. తర్వాత లేచి, నోటీసులో ప్రమాద తీవ్రత అన్నచోట "అత్యధికం" అని రాశాడు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. నేను నేర్పినవే.

ఊళ్లో బీమా ఏజెంటు క్రెయిగ్ టీల్. పిల్లల బేస్‌బాల్ జట్టు చొక్కాల వీపుల మీద ప్రకటనగా ఉండే పేరు అతనిదే. అతను నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆర్విల్ గురించి రెండు మంచి మాటలు చెప్పి, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఇంట్లో తుపాకులేమైనా ఉన్నాయా టీచర్?"

"ఆర్విల్‌వి. బీరువా నిండా ఉన్నాయి."

"పర్లేదు, వాటికేం అదనంగా పడదు. ఈతకొలను?"

"లేదు."

"ఉన్నా సర్దేవాణ్ని. కుక్క?"

చెప్పాను. అతను కలం కింద పెట్టాడు.

"కష్టం టీచర్. ఊరి లైసెన్సు ఉంటేనే మా కంపెనీ ఆలోచిస్తుంది."

"బీమా ఉంటేనే ఊరు లైసెన్సు ఇస్తుంది."

"అదీ! ఈ ముక్క అర్థమవడానికి అందరికీ అరగంట పడుతుంది. మీరు ఇట్టే పట్టేశారు." మెచ్చుకోలుగా తలూపి, గొంతు తగ్గించాడు. "బీగిల్ అని రాసేద్దామా? ఎవడొచ్చి చూస్తాడు?"

"అది బీగిల్ కాదు క్రెయిగ్."

"ఇప్పుడు కాదు టీచర్. రాస్తే అవుతుంది."

నాలుగో తరగతి లెక్కల పరీక్షల్లో కూడా అతనికి ఈ ధైర్యం ఉండేది. నేను లేచి వచ్చేశాను.

ఆ తర్వాత చాలా కంపెనీలకు ఫోన్ చేశాను. ప్రతి కంపెనీ నా దుఃఖంలో పాలుపంచుకుంటున్నట్టు చెప్పి, జాతి పేరు విని, ఫోన్ పెట్టేసింది. ముక్కూమొహం తెలియనివాళ్లు ఇంతమంది ఆర్విల్ పోయినందుకు బాధపడతారని నేను అనుకోలేదు.

చివరికి ఒకటి దొరికింది. ప్రత్యేకంగా ఇలాంటి కుక్కల కోసమే పెట్టిన కంపెనీ. ఊరి లైసెన్సు కూడా అడగలేదు. ఫోన్లో ఒక అమ్మాయి గొంతు, చాలా మృదువుగా ఉంది.

"మీ కుక్క ఎప్పుడైనా ఎవర్నైనా కరిచిందా మేడమ్?"

"లేదమ్మా."

"ఈమధ్య దాని ప్రవర్తనలో ఏమైనా మార్పు వచ్చిందా?"

నేను నిజం చెప్పాను. "నాలుగింటికి వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంటుంది. చీకటి పడేదాకా లేవదు. మా ఆయన పనినుంచి వచ్చే వేళ అది."

"అంటే, మార్పు ఉందన్నమాట."

"ఉంది."

"చాలా బాధగా ఉంది మేడమ్. మార్పు వస్తే నిపుణుడి చేత పరీక్ష చేయించాలి. అది మా నియమం."

నా ప్రవర్తనలో మార్పేమైనా వచ్చిందా అని ఆమె అడగలేదు. ఆమె ముందున్న ప్రశ్నల్లో అది లేదు.

పరీక్ష మా అగ్నిమాపక కేంద్రం హాల్లో జరిగింది. ఊరంతా వచ్చింది. ఆ వారం ఊళ్లో చూడటానికి ఇంకేమీ లేదు. డాక్టర్ లైల్ అనే నిపుణుడు నగరం నుంచి వచ్చారు. ఆయన చేతిలో పొడవాటి కర్ర, కర్ర చివర రబ్బరుతో చేసిన మనిషి చెయ్యి. మేయర్ డ్వేన్ తన స్పానియల్ కుక్కను వెంటబెట్టుకుని వచ్చి ప్రారంభోపన్యాసం చేశాడు.

"పౌరులారా! కార్బెట్ మిల్స్‌కు కుక్కలంటే ప్రాణం! అందుకే కొన్ని కుక్కలను ఇక్కడ ఉండనివ్వం! ప్రేమా, భద్రతా, ఏది కావాలని నన్నడిగితే రెండూ కావాలంటాను! కాకపోతే ఒకటే ఇవ్వగలనంటాను!"

చప్పట్లు మోగాయి. మేయర్ బొటనవేలికి కట్టు ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. స్పానియల్ జాబితాలో లేదు.

మేబెల్ ముందు అన్నం గిన్నె పెట్టారు. అది తింటుండగా డాక్టర్ రబ్బరు చేతిని గిన్నెలోకి దూర్చారు. మేబెల్ తినడం ఆపి, ఆ చేతికేసి చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ చెయ్యి తినకపోవడంతో దాన్ని కాసేపు నాకింది. "ఆహారంపై అసహజమైన నిరాసక్తత" అని డాక్టర్ రాసుకున్నారు. ఈలోగా స్పానియల్ తోకూపుతూ వచ్చి రబ్బరు చేతి చిటికెనవేలు కొరికి పట్టుకుపోయింది. పరీక్ష దానికి కాదు కాబట్టి డాక్టర్ ఏమీ రాయలేదు. మిగిలిన నాలుగువేళ్లతో పని కొనసాగించారు.

చివరిది అపరిచితుడి పరీక్ష. పెద్ద కోటు, టోపీ వేసుకుని, వింత నడకతో ఒక మనిషి ఎదురు రావాలి, కుక్క కదలకూడదు. క్రెయిగ్ ముందుకొచ్చాడు. ఎవరో తమ ముతక కోటు ఇచ్చారు, ఎవరో టోపీ ఇచ్చారు. "ఒక కాలు ఈడ్చండి" అన్నారు డాక్టర్. ఆర్విల్ ఎడమకాలు కొద్దిగా ఈడ్చేవారు. ఈ సంగతి డాక్టర్‌కు తెలియదు. క్రెయిగ్‌కు గుర్తు లేదు.

హాలు చివర తలుపు తీసుకుని అతను లోపలికి వచ్చాడు.

పట్టీ నా చేతిలోంచి జారిపోయింది. మేబెల్ అంత వేగంగా పరిగెత్తడం నేను చూసి చాలా ఏళ్లయింది. దాని తోక ఒక్కటే కాదు, ఒళ్లంతా ఊగింది. వెళ్లి అతని కోటులో ముక్కు దూర్చింది. వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత మెల్లగా నడిచి వచ్చి, నా కుర్చీ కింద తల పెట్టుకుని పడుకుంది.

క్రెయిగ్ టోపీ తీసేశాడు. "టీచర్, నేను అసలు..."

"చెప్పిన పని సరిగ్గా చేశావు క్రెయిగ్" అన్నాను.

డాక్టర్ నివేదిక రెండు వాక్యాలు. "అపరిచితుడి మీదికి దూసుకువెళ్లింది. ఆశించినది దొరకక వెనుదిరిగింది." రెండో వాక్యంలో నేను దిద్దవలసింది ఏమీ లేదు. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు క్లుప్తంగా రాయడం నేర్పుతున్నాను. నేనైనా అంతకన్నా బాగా రాయలేను.

కంపెనీ బీమా నిరాకరించలేదు. మార్పు పూర్తిగా పోయిన తర్వాత ఇస్తామంది. నెలనెలా ఫోన్ చేసి కనుక్కుంటామంది.

మా ఊరి పొలిమేర శ్మశానం గేటు దగ్గర ఆగిపోతుంది. చనిపోయినవాళ్లు పన్ను కట్టరు కాబట్టి, వాళ్ల దారిలో పడ్డ మంచు ఎత్తించే ఖర్చు ఎందుకని సభ ఎప్పుడో హద్దును ఇవతలికి జరిపింది. శ్మశానం పక్కనే ఆర్విల్ స్నేహితుడు లీలాండ్ పొలం. నెల ముగిసేలోగా మేబెల్‌ను అతని కొట్టంలో వదిలాను. గేటు దాటగానే దాని ప్రమాద లక్షణాలన్నీ పోయాయి.

బడి వదలగానే నేను అక్కడికి వెళ్తాను. నాలుగింటికి ఇద్దరం ఆర్విల్ సమాధి దగ్గర కూర్చుంటాం. నేను పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతాను. అది రోడ్డు వైపు చూస్తుంది. ఆయన దాని వెనకే ఉన్నారని దానికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మే నెలాఖరున అమరవీరుల స్మారక దినానికి ఊరంతా శ్మశానానికి వచ్చింది. ఆర్విల్ కొన్నాళ్లు సైన్యంలో పనిచేశారు కాబట్టి ఆయన సమాధి మీద కూడా చిన్న జెండా పెట్టారు. పక్కనే మేబెల్ కూర్చుని ఉంది. మేయర్ ఉపన్యాసం మధ్యలో దాన్ని చూశాడు. చేతిలోని కాగితం మడిచి, దానికేసి చెయ్యి చాపాడు.

"అటు చూడండి! మనం మరిచిపోయినా అది మరవలేదు! పౌరులారా, విశ్వాసమంటే ఇదీ! ఇలాంటి విలువలే కార్బెట్ మిల్స్‌ను కార్బెట్ మిల్స్‌గా నిలబెట్టాయి!"

ఏడవనివాళ్లు లేరు. వరుసలో నిలబడి మేబెల్ తల నిమిరారు. రాండీ దానికి సాసేజి తినిపించాడు. చిన్నపిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. క్రెయిగ్ మాత్రం దూరంగా నిలబడ్డాడు, టోపీ లేకుండా.

"డ్వేన్, దీన్ని ఇంటికి తీసుకెళ్లనా?" అని అడిగాను.

"అదెలా కుదురుతుంది టీచర్?" అన్నాడతను, మేబెల్ తలమీంచి చెయ్యి తీయకుండానే. "నాకు మాత్రం బాధగా లేదా? రూలంటే అందరికీ ఒకటే రూలని మాకు నేర్పిందే మీరు కదండీ."

జాగ్రత్తగా విన్న పిల్లవాడే.

కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఊళ్లోకి తిరిగి వెళ్లాయి. మేబెల్ గేటు దాకా వచ్చి ఆగింది. మరుసటి వారం పత్రికలో "మన ఊరి మేబెల్" అని మొదటి పేజీలో బొమ్మ వేశారు. మా ఊళ్లో చాలా ఇళ్లలో అది ఫ్రిజ్ తలుపులకు అతికించి ఉంది. జాబితా మార్చాలని సభలో ఎవరూ అడగలేదు.

జూన్‌లో కంపెనీ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. "మేబెల్ ఎదురుచూడటం మానేసిందా మేడమ్?"

"ఇంకా లేదమ్మా."

"పర్లేదు మేడమ్, వచ్చే నెల కనుక్కుంటాను."

చెరిల్ పళ్లెం మా వంటింట్లోనే ఉంది. తొందర లేదన్నారు కాబట్టి ఇంకా తిరిగి ఇవ్వలేదు. మేబెల్‌కు బీమా ఇంకా దొరకలేదు.