దేవత మిగిల్చిన గుడ్లు

చెప్పిన ప్రతి ముక్కా నిజమే అయి, విన్నవాళ్ళకు మాత్రం అబద్ధం మిగిలితే, అబద్ధమాడనన్న శీలం తప్పినట్టా, నిలబెట్టుకున్నట్టా? ఈ సందేహం నాకు ఏళ్ళుగా ఉంది. బౌద్ధ విహారంలో పెద్ద భిక్షువుగారిని అడిగితే నవ్వి, టీ తాగమన్నారు. మా వీధిలోని తవీన్‌గారి కుక్క సంగతి చూశాక ఆ సందేహం ఇంకాస్త ముదిరింది.

తవీన్‌గారు లంపాంగ్‌లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పున్నమికీ అమావాస్యకీ తెల్లబట్టలు కట్టుకుని విహారానికెళ్ళి, అబద్ధమాడననీ ప్రాణి హింస చేయననీ శీలాలు తీసుకునే మనిషి. ఆయనా, భార్య లమ్‌దువనూ ప్రాణంగా పెంచుకునే కార్గీ కుక్క పేరు థువా. పొట్టి కాళ్ళు, పొడుగు ఒళ్ళు. వెనక కాలి మోకాలికి ఆపరేషనయ్యాక, కుక్కలకు ఫిజియోథెరపీ చేసే ఫనిదా డాక్టరమ్మ తన క్లినిక్కులో దాన్ని మళ్ళీ నడిపించే పనిలో పడింది.

ఆ పున్నమి ఉదయం ఫనిదా వేసుకున్న పథకం సాదాసీదాది. ఆపరేషన్ చేసిన సర్జన్ చియాంగ్ మై నుంచి వస్తున్నాడు. ఆయన కళ్ళముందు థువా ఆ కాలు నేలకు ఆనిస్తే సరే. లేదంటే లోపల బిగించిన ప్లేటు కదిలిందేమోనని మళ్ళీ కోసి చూడాలి. అందుకని ఆయన వచ్చేలోగా మోకాలికి కాపడం పెట్టి, నీళ్ళతొట్టెలో బెల్టు తిరిగే ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఒళ్ళు తుడిచి వరండాలో సిద్ధంగా ఉంచాలి.

పథకం కాటా దగ్గరే ఆగిపోయింది. థువా మళ్ళీ బరువు పెరిగింది.

“బాబాయ్‌గారూ, ఇంట్లో ఏం పెడుతున్నారో కాస్త నిజం చెప్పండి” అంది ఫనిదా.

“నువ్వు రాసిచ్చిన మేత తప్ప మా తిండిలోంచి మెతుకు పెట్టలేదమ్మా. పొద్దున్నే శీలం తీసుకుని వచ్చినవాణ్ణి, నీతో అబద్ధమాడతానా?”

తెల్లబట్టల మనిషిని అనుమానించలేక ఫనిదా కాటాను అనుమానించింది. తనే ఎక్కి చూసుకుంది. దిగాక ఆమె మనసు ఇంకా పాడైంది.

కాపడం మానేసి నేరుగా నీళ్ళలోకి దింపింది. బరువు పెరిగింది కాబట్టి మోకాలి మీద భారం తగ్గాలని నీటిమట్టం పెంచింది. బెల్టు కదిలింది, థువా కదల్లేదు. ఆవిరి మీద ఉడికిన బన్నులా గుండ్రంగా పైకి తేలి, నాలుక బయట పెట్టుకుని, కిందనుంచి వెళ్ళిపోతున్న బెల్టును తీరిగ్గా చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు తగ్గిద్దామని ఫనిదా కంగారులో తొట్టె తలుపు గొళ్ళెం లాగేసింది. నీళ్ళన్నీ గదిలోకి, కుక్క ఆమె ఒళ్ళోకి వచ్చాయి.

తడిబట్టలతోనే గడియారం వంక చూస్తూ అటూ ఇటూ తిరిగింది. తిండి పెట్టకుండా ఒళ్ళొస్తోందంటే థైరాయిడ్ తప్ప ఇంకో దారి తోచలేదు. రక్తం తీయమని నర్సుకు చెప్పింది. గాజు తలుపు అవతలనుంచి తవీన్‌గారికి మాటలు వినపడలేదు, సూది మాత్రం కనపడింది. సర్జన్ రాకముందే కోతకు సిద్ధం చేస్తున్నారనుకుని భార్యకు ఫోన్ చేశారు.

“థువా... థువా ఇంక... ఇంట్లో ఉన్న గుడ్లన్నీ ఉడకబెట్టి తీసుకురా” అన్నారు. ఏడుస్తూ ఫోన్ పెట్టేశారు.

ఆవిడ గుడ్లు ఉడకబెట్టింది. బీరువాలోంచి చావుకు కట్టే నల్లబట్టలు తీసి కట్టుకుని మరీ వచ్చింది. వరండాలో తోక లేని పిర్రలు ఊపుతూ కుక్క ఎదురొచ్చేసరికి గుడ్ల బుట్ట మొగుడి చేతిలో కుదేసి, “బతికున్నదానికి నాచేత మైల బట్టలు కట్టించావా? బుద్ధుందా నీకు?” అంది.

ఆయన బుట్టతో క్లినిక్కు ఆవరణలోకి నడిచి, స్థలదేవత చిన్న మందిరం ముందున్న బల్ల మీద నైవేద్యంగా గుడ్లు గుట్టగా పోసి, అగరుబత్తులు వెలిగించి మొక్కారు.

సరిగ్గా అప్పుడే సర్జన్ వచ్చాడు. థువా అందరి ముఖాలూ ఒకసారి చూసి, వెనక కాలు పొట్టకు ముడుచుకుని మూడు కాళ్ళ మీద కుంటింది. సర్జన్ మోకాలు తడిమి పెదవి విరిచాడు. “తెరిచి చూడక తప్పదు” అన్నాడు. ఫనిదా ముఖం తడి తువ్వాలులా వేలాడింది.

ఇంతలో గాలి ఆవరణ వైపు నుంచి వీచింది. థువా ముక్కు లేచింది. ఆపైన నాలుగు కాళ్ళూ ఒకేసారి కదిలాయి. వరండా మెట్లు దూకి, ఆవరణ దాటి, బల్ల ముందు వెనక కాళ్ళు రెండింటి మీదా నిటారుగా నిలబడి, అగరుబత్తి సగమైనా కాలకుండానే దేవత గుడ్లు పెంకులతో సహా మింగడం మొదలుపెట్టింది.

“ఆ మోకాలికి నేనింక చేయగలిగిందేమీ లేదు. బ్రహ్మాండంగా ఉంది” అన్నాడు సర్జన్.

ఫనిదా తవీన్‌గారి వైపు తిరిగింది. “మీరిక్కడ రోజూ పెట్టే ఈ గుడ్లు ఎవరు తింటున్నారు?”

“దేవతమ్మా. బత్తి కొండెక్కాక సెలవడిగి, ఆవిడ మిగిల్చింది ఇంటికి తీసుకెళ్తాం. అది మా తిండి కాదుగా, ఆవిడ ప్రసాదం. దీనికి పెడితే పుణ్యమేనని...”

“కుంటినప్పుడల్లా మొక్కారా?”

“కుంటినప్పుడల్లా మొక్కాను. నీళ్ళలో రెండడుగులు వేసినప్పుడల్లా తీర్చాను.”

“తీర్చాడంట” అంది లమ్‌దువన్. “అసలు మొక్కు అడగవమ్మా. ఆపరేషన్ రోజున ఇదే మందిరం ముందు, నా థువా లేచి నిలబడితే నేనే నాట్యం చేస్తానని మొక్కాడు. స్టేషన్ మాస్టరు నలుగురిలో గెంతడమేమిటని సిగ్గు. అప్పట్నించీ గుడ్లిచ్చి వాయిదా వేయించుకుంటున్నాడు. ఇప్పుడా గుడ్లూ ఆవిడ తినకుండానే పోయాయి.”

తవీన్‌గారు కుక్కను చూశారు. అది ఇంకా రెండు కాళ్ళ మీదే ఉంది. ఇక వాయిదాకు గుడ్డు మిగల్లేదు. చెప్పులు విడిచి, పంచె సర్దుకుని, మందిరం ముందు చేతులు వంకీలు తిప్పుతూ మోకాళ్ళు వంచి ఆడారు. నర్సు చప్పట్లతో తాళం వేసింది. వైద్యానికొచ్చి కట్లు కట్టించుకున్న కుక్కలన్నీ మెడలు చాచి చూశాయి. నల్లబట్టల్లో లమ్‌దువన్ మొదట తల తిప్పుకుంది, తరువాత కళ్ళు తుడుచుకుంది. ఆఖరి వంగుడులో ఆయన పైకి లేవలేక అక్కడే ఉండిపోతే, ఇద్దరు పట్టుకుని లేపారు.

సర్జన్ ఆసాంతం శ్రద్ధగా చూసి, కుక్క కాగితాల మీద సంతకం పెట్టి, పెద్దాయన ఎడమ మోకాలు మాత్రం ఎవరికైనా చూపించడం మంచిదని ఫనిదాతో చెప్పి వెళ్ళిపోయాడు.