అంచు మిగలకుండా

పురపాలక సంఘం ఉద్యోగుల గొంతులో ‘కాదు’ అనే మాట పుట్టే గడ్డను సూదితో చంపే పథకం కింద, నీటి పరీక్షల గదిలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసే సువార్తమ్మకు మంగళవారం పదకొండున్నరకి రమ్మని టోకెన్ వచ్చింది. ఈ గడ్డ అందరికీ ఉండేదే. కుడి దవడ కింద బఠాణీ గింజంత ఉంటుంది. మామూలు ఉద్యోగికి సర్వీసు పెరిగేకొద్దీ దానంతటదే ఎండిపోతుంది. సువార్తమ్మకు మాత్రం ఇరవై రెండేళ్ల సర్వీసు తర్వాత ఉసిరికాయంత అయింది.

దానికి కారణం పద్నాలుగో వార్డు కొత్త ట్యాంకు. ట్యాంకుకి వచ్చే పైపు మురిక్కాలవ అడుగున ఎక్కడో పగిలింది. ఆమె పదకొండుసార్లు నమూనా పట్టి, పదకొండుసార్లూ ‘తాగడానికి పనికిరాదు’ అని రాసింది. శుక్రవారమేమో ప్రారంభోత్సవం. శిలాఫలకం చెక్కడం కూడా అయిపోయింది. పైపు మార్చాలంటే కాలవ తవ్వాలి, రోడ్డు తవ్వాలి, మూడు శాఖలు ఒప్పుకోవాలి. గొంతుకైతే ఒక్క రెఫరల్ లెటరు చాలు. ఇంజినీరు సీతాపతిగారు మంచివారు కనక, లెటరు తనే టైపు చేయించి ఆటో కూడా మాట్లాడి పెట్టారు.

ఆమె ఉండేది కూడా ఆ వార్డులోనే. కొత్త నీళ్లు ఏవి వచ్చినా, ట్యాంకరు నీళ్లయినా సరే, సువార్తమ్మ తాగొచ్చు అంటే తప్ప ఆ వీధిలో ఎవరూ బిందె పెట్టరు. ఈ సంగతి పథకం మార్గదర్శకాల్లో లేదు.

ఆసుపత్రి వరండాలో పాతికమంది దాకా కూచుని ఉన్నారు. అందులో సగంమందిని ఏ ఆఫీసూ పంపలేదు. తమంతట తామే వచ్చారు, ఆధార్ జిరాక్సులు కూడా తెచ్చుకున్నారు.

“నొప్పిగా ఉంటుందాండీ?” అని అడిగింది సువార్తమ్మ, బల్లమీద పడుకుని.

“చల్లగా ఉంటుందమ్మా. తర్వాత నాలిక్కి కాస్త పులుపు తగులుతుంది. కోత లేదు, కుట్లు లేవు. మధ్యాహ్నానికి డ్యూటీలో చేరిపోవచ్చు” అన్నాడు డాక్టర్ నిరంజన్.

“నేనింకా ఒప్పుకోలేదండీ.”

“ఒప్పుకునేవాళ్లకయితే ఈ సూదే అక్కర్లేదు కదమ్మా! సంతకం సూది అయ్యాక పెడుదురుగానిలెండి. ముందు పెట్టమంటే ఎవరూ పెట్టట్లేదు.”

అది నిజమే. మొదటి మూడు నెలలూ ముందే అడిగి చూశారు, పని సాగలేదు.

“పోనీ, అంచున ఓ గింజంతయినా ఉంచండి బాబూ” అంది ఆమె. “ఆఫీసు కోసం కాదండీ. పంపు దగ్గర మా వీధివాళ్లు అడుగుతారు. చంటిపిల్లలున్నారు.”

డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. “అంచు ఉంచితే లాభం లేదమ్మా. పోయినేడు మీ ఆఫీసు మస్తాన్‌గారికి ఒక్క ఐసే పెట్టాం. మధ్యలో చచ్చింది, అంచున బతికింది. మూడు వారాలకల్లా మీటింగులో లేచి మళ్లీ కాదన్నారు. పోనీ కరెంటొక్కటే పెడదామంటే గంటలకొద్దీ పడుతుంది. అందుకని ఇప్పుడు రెండూ ఒకే సూదిలో పెట్టారు. ముందు ఐసు కణాల గోడలు చీలుస్తుంది. ఆ చీలికల్లోంచి కరెంటు పుట్టించిన ఆమ్లం లోపలికి పోతుంది. ఇక అంచన్నది మిగలదు.”

పద్దెనిమిది నిమిషాలు పట్టింది. దవడ కింద చిన్న ప్లాస్టరు వేశారు.

“ఇవాళ ఆదివారం కదమ్మా?” అన్నాడు డాక్టరు.

“అవునండీ.”

ఆయన ఫారంలో టిక్కు పెట్టాడు. ఆ తర్వాత ఆమె అంగీకార పత్రం మీద సంతకం చేసింది. మూడున్నరకి ఆఫీసుకెళ్లి, పన్నెండో నమూనా సీసా మూత తీసి అలవాటు కొద్దీ వాసన చూసింది. ముక్కు ఈ పథకం కిందికి రాదు, అది బాగానే పనిచేస్తోంది. సీతాపతిగారు చూపించినచోట ‘తాగడానికి యోగ్యం’ అని రాసి సంతకం పెట్టింది. “చూశారా, ఎంత తేలికో!” అన్నారాయన, మనస్ఫూర్తిగా.

శుక్రవారం పదిగంటలకి రిబ్బను కత్తిరించారు. పదిన్నరకల్లా వీధి పంపులో నీళ్లొచ్చాయి. బిందెలన్నీ వరసలో ఉన్నాయి, ఒక్కటీ పంపు కింద లేదు. అందరూ సువార్తమ్మ కోసం ఆగారు. ఎదురింటి బుల్లెమ్మ చంకలో మనవరాలు, చేతిలో పాలపొడి వేసిన సీసా.

“సువార్తక్కా, నువ్వు చెప్పు. పిల్లకి ఈ నీళ్లతో పాలు కలపొచ్చా?”

సువార్తమ్మ దోసిలి పట్టి వాసన చూసింది. అదే మురిక్కాలవ కంపు. నోరు తెరిచింది. గొంతులో ఆ మాట ఉండేచోట తడుముకుంది. అక్కడ నున్నగా, చల్లగా ఉంది.

“కలపొచ్చమ్మా” అంది.

“అమ్మయ్య! నువ్వన్నావంటే ఇంక చాలు.” బుల్లెమ్మ సీసా నింపి, ఆమె మొహంలోకి చూసి ఆగింది. “అదేంటక్కా, ఆ కళ్లనీళ్లేంటి? మన వీధికి నీళ్లొచ్చాయని సంతోషమా?”

“అవునమ్మా” అంది సువార్తమ్మ.

బుల్లెమ్మ సీసాకి మూత బిగించి బాగా గిలకొట్టింది. వెనకవాళ్లు బిందెలు ముందుకి జరుపుకున్నారు.