బ్యాండు ప్యాంట్లు, బుజ్జిదాని కడుపునొప్పి

ఆ రోజు టైలరు పెట్టుకున్న పని ఒక్కటే. బ్యాండు మేళం వాళ్ల ఎర్ర ప్యాంట్లకి కింద అంచులు మడిచి కుట్టేసి, మధ్యాహ్నానికి మూట కట్టి బ్యాండు మాస్టారి చేతిలో పెట్టాలి. బజారులో పెద్ద రెడీమేడ్ బట్టల కొట్టు ఒకటి ఆ సాయంత్రం తెరుస్తున్నారు. దానికి బాజాలు వాయించడానికే ఈ ప్యాంట్లు. అంటే టైలరు పొట్ట కొట్టే కొట్టుకి, టైలరు కుట్టిన ప్యాంట్లు వేసుకుని మేళం వాయిస్తారన్నమాట. లోకం తీరే అంత. దాని మీద గొంతు చించుకుంటే గొంతే పోతుంది, లోకం మారదు.

పని పెట్టుకోవడం మన చేతిలో ఉంటుంది. జరగడం మాత్రం ఇంట్లో అందరికన్నా చిన్న మనిషి చేతిలో ఉంటుంది. ఆ ఇంట్లో ఆ మనిషికి మూడో నెల నడుస్తోంది. తల్లిపాలు తప్ప మరొకటి ఎరగని పిల్ల. తాగేటప్పుడు బుద్ధిగానే తాగుతుంది. తాగిన కాసేపటికి మొహం ఎర్రగా చేసుకుని, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్ళు బిగించి గుక్కపట్టేస్తుంది. అప్పుడు దాని పొట్ట తట్టి చూస్తే డోలు మోగినట్టు మోగుతుంది. మేడ మీద అద్దెకున్నవాళ్ళు దానికి సైరన్ అని పేరు పెట్టేశారు.

డాక్టరమ్మకి చూపించారు. ఆవిడ పిల్లని అటూ ఇటూ తిప్పి చూసి, "బరువు పెరుగుతోంది, జ్వరం లేదు, వాంతుల్లేవు. ఇది జబ్బు కాదమ్మా, గాలి. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి. కాళ్ళు మడుస్తూ చాపుతూ ఉండండి. కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుంది. నువ్వు మాత్రం అన్నీ శుభ్రంగా తిను," అని పంపించేసింది.

"మందు రాయనిది కూడా డాక్టరేనా?" అంది టైలరు తల్లి, అంటే పిల్ల నాయనమ్మ. ఆ క్షణం నుంచి వైద్యం ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది.

ఆవిడ వైద్యం సులువైనది. పిల్ల ఏడ్చిందంటే, అంతకుముందు కోడలు ఏం తిందో చూడాలి, దాన్ని మాన్పించాలి. అలా మొదట పప్పు పోయింది. తర్వాత క్యాబేజీ పోయింది. బంగాళదుంప పోయింది. గుడ్డు పోయింది. టీలో పాలు పోయాయి, పాలు లేని టీ ఎందుకని టీ కూడా పోయింది. పిల్ల ఏడుపు మాత్రం ఎక్కడికీ పోలేదు. చివరికి కోడలి కంచంలో ఉట్టి అన్నం, ఉప్పు మిగిలాయి. ఉప్పు మీద కూడా ఆవిడకి అనుమానంగానే ఉంది. మిగతా అందరికీ మటుకు వంట యథాప్రకారం జరిగేది. పప్పు పోపు వాసనకి కోడలు వంటగదిలోంచి లేచి వెనక గుమ్మంలోకి వెళ్ళి నిలబడేది.

ఆ పొద్దున్న నాయనమ్మ ఒక పాలడబ్బా తెచ్చి వంటగది అరలో, అందరికీ కనపడేచోట పెట్టింది.

"ఇదిగో అమ్మాయ్, చెబుతున్నా విను. ఇవాళ మధ్యాహ్నం లోగా పిల్ల మళ్ళీ గుక్కపట్టిందంటే దీని మూత తీస్తా. ఇహ నీ పాలు వద్దు. నీ పాలే పడటంలేదు దానికి."

"అలా అనకండి అత్తయ్యా. డాక్టరమ్మ బాగానే ఉందందిగా."

"డాక్టరమ్మ వచ్చి రోజంతా మోస్తుందా?"

కోడలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లకి పాలివ్వడం ఒక్కటే ఆ ఇంట్లో తనకి పూర్తిగా చేతనైన పని. అది కూడా లాగేసుకుంటున్నారు. ఆమె మొగుడి వైపు చూసింది. టైలరు సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. తల్లీ పెళ్ళామూ మాట్లాడుకుంటున్నప్పుడు సూదిలోకి దారం ఎక్కడం ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది.

నాయనమ్మ వీధరుగు మీదకి వెళ్ళి ఒక చెవి ఇంటివైపు వేసి కూర్చుంది. కోడలు పిల్లకి పాలిచ్చింది. భుజాన వేసుకుని వీపు నిమిరింది. తేన్పు రాలేదు. పిల్ల మొహం ఎర్రబడింది. కాళ్ళు పొట్టలోకి వెళ్ళాయి.

"ఏవండీ, మొదలెట్టేలా ఉందండీ!" అంటూ ముందుగదిలోకి పరిగెత్తుకొచ్చింది. ఆ ముందుగదే టైలరు దుకాణం.

"నన్నేం చేయమంటావే? మాస్టారు వచ్చేస్తాడు, అంచులింకా సగం ఉన్నాయి."

"ఒక్క నిమిషం పట్టుకోండి, చేతులు పడిపోతున్నాయి."

టైలరు ఏ పనీ ఆపే మనిషి కాదు. పిల్లని సూదికి దూరంగా ఒళ్ళో బోర్లా వేసుకుని, తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని, మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు. కాళ్ళు ఆడుతుంటే తొడలు పైకీ కిందకీ ఊగాయి. పిల్ల పొట్ట ఆ ఊపుకి మెల్లగా నలిగింది. గుక్కపట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఇంతలో టైలరు ఒళ్ళోంచి తుర్రుమని ఒక శబ్దం. వెనకే ఇంకోటి.

మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"నేను కాదు," అన్నాడు టైలరు.

"తెలుసు లెండి. ఆపకండి!"

దారం అయిపోయి ఒకసారి ఆపాడు. పిల్ల మూలిగింది. మళ్ళీ తొక్కాడు. ఊరుకుంది. పోనీ కుట్టు పడకుండా చక్రం ఒక్కటే తిరిగేట్టు మర వదులు చేసి తొక్కి చూశాడు. సూది టకటక వినపడకపోయేసరికి పిల్ల ఒక కన్ను తెరిచి, ఇదేం మోసం అన్నట్టు చూసింది. మర బిగించక తప్పలేదు. సూది ఆడాలంటే కింద గుడ్డ ఉండాలి. ఉత్తినే తొక్కితే దారం చిక్కుపడి మిషన్ పట్టేస్తుంది.

"మీరలా తొక్కుతూ ఉండండి. నేనిప్పుడే వస్తా," అని కోడలు వంటగదిలోకి వెళ్ళింది. పిల్ల పుట్టాక ఆమె రెండు చేతులూ ఒక్కసారిగా ఖాళీ అవడం అదే మొదలు. ఆ చేతులతో ఏం చేసిందో తర్వాత తెలుస్తుంది.

టైలరు ప్యాంట్ల అంచులన్నీ కుట్టేశాడు. పిల్ల ఇంకా పూర్తిగా నిద్రపోలేదు. చేతికందే దూరంలో గుడ్డ అన్నది ఆ ప్యాంట్లు తప్ప ఇంకేమీ లేదు. "ఏమేవ్, ఆ పాత దుప్పటి ఇలా పడేయ్!" అని గొంతు తగ్గించి పిలిచాడు. వంటగదిలోంచి "ఊఁ" అని మాత్రం వచ్చింది. నిండిన నోటితో అంతకన్నా ఎవరూ పలకలేరు. ఆ సంగతి టైలరుకి తెలియదు.

ఇక చేసేదేముంది? కుట్లు వెడల్పుగా పెట్టుకున్నాడు, తర్వాత దారం లాగితే ఊడొచ్చేట్టు. ముందు జేబుల మూతులు కుట్టాడు. వెనక జేబులు కుట్టాడు. పిల్ల కనురెప్పలు బరువెక్కాయి గానీ వాలలేదు. కాళ్ళు దూర్చే చోట, కింద మూతులు కూడా కుట్టేశాడు. ప్యాంటు తర్వాత ప్యాంటు మూతులు మూసుకుపోతుంటే పిల్ల కళ్ళు కూడా మూసుకుపోయాయి. చివరి ప్యాంటుకి అది నిద్రపోయింది. టైలరు మెల్లగా పాదాలు ఆపి, కుట్లు విప్పే కత్తెర కోసం చెయ్యి చాచాడు.

సరిగ్గా అప్పుడే బ్యాండు మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. మధ్యాహ్నం వస్తానన్న మనిషి పొద్దున్నే రావడం, పొద్దున్నే రమ్మన్నవాడు మధ్యాహ్నం రావడం ఈ వ్యాపారంలో మామూలే.

"ఏవయ్యా టైలరూ, అయిపోయాయా? అబ్బో, మడతలు కూడా పెట్టేశావే!"

టైలరు నోరు తెరిస్తే పిల్ల లేస్తుంది. లేస్తే డబ్బా మూత లేస్తుంది. అందుకని వద్దు వద్దని చెయ్యి గట్టిగా ఊపాడు. పిల్లని చూపించి నోటి మీద వేలేసుకున్నాడు. మాస్టారికి అర్థమైంది. అంటే, తనకి తోచినట్టు అర్థమైంది.

"సరే సరే, పాప పడుకుంది. త్వరగా వెళ్ళమంటావు, అంతేగా," అని గుసగుసలాడి, ప్యాంట్లన్నీ చంకలో పెట్టుకుని పిల్లిలా బయటికి నడిచాడు. టైలరు రెండు చేతులూ ఊపాడు. మాస్టారు వెనక్కి తిరిగి తనూ ఊపి వెళ్ళిపోయాడు.

అరుగు మీద నాయనమ్మ ఆయన్ని ఆపింది. "పిల్ల పడుకుందా? నే చెప్పలా! ఇన్నాళ్ళూ డాక్టర్ల చుట్టూ తిరిగారు. తల్లి తిన్నదే పిల్ల కడుపులోకి వస్తుంది నాయనా. నోరు కట్టించాను, చూడు. ఉట్టి అన్నం, ఉప్పు. పిల్ల చప్పుడు చేసిందా?"

"గొప్ప మాట చెప్పారమ్మా," అన్నాడు మాస్టారు. ఆయనకి ఆలస్యమవుతోంది.

కాసేపటికి వీధి మొదట్లో గోల వినిపించింది. బ్యాండు మేళం మొత్తం వస్తోంది. పైన బంగారు గుండీల ఎర్రకోట్లు, కింద ఎవరి నిక్కర్లు వాళ్ళవి, భుజాల మీద ప్యాంట్లు. డోళ్ళు మెడలో వేలాడుతున్నాయి. డోలు వాయించేవాడు కుంటుతున్నాడు. తొందరలో ప్యాంటులోకి కాలు దూర్చి, అడుగు మూసి ఉండటంతో అక్కడే బోర్లా పడ్డాడట. ఊరేగింపేదో వస్తోందనుకుని వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"టైలరూ! నీకు నేనేం అన్యాయం చేశానయ్యా?" మాస్టారు గుమ్మంలోంచే అరిచాడు. "కాళ్ళు పట్టవు, చేతులు పట్టవు! ప్యాంట్లు కుట్టమంటే దిండు గలీబులు కుట్టావేంటి? సాయంత్రం దాకా ఊరంతా తిరిగి వాయించమని ఆ కొట్టువాడు అక్కడ ఎదురుచూస్తున్నాడు!"

"మాస్టారూ, మెల్లగా, మెల్లగా..."

"ఏం మెల్లగా! మా డోలువాడి మోకాలు చూడు!"

డోలువాడు మోకాలు చూపించడానికి వంగాడు. మెడలోని డోలు తలుపుకి తగిలి ధడేల్మంది.

పిల్ల లేచింది. మొహం ఎర్రబడింది. సైరన్ మోగింది. మేడ మీద కిటికీలు మూసుకున్నాయి. నాయనమ్మ అరుగు మీంచి లేచి వంటగది వైపు నడిచింది. అప్పుడే వంటగదిలోంచి వస్తున్న కోడలు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"అత్తయ్యా, ఒక్కసారి. ఒక్కసారి పాలిచ్చి చూడనివ్వండి. ఊరుకోకపోతే ఆ డబ్బా నేనే తీసిస్తా."

పది మంది ముందు కోడలిని నెట్టి లోపలికి వెళ్ళడం కుదరదు. నాయనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆగింది. కోడలు పిల్లని తీసుకుని గది మూలనున్న తెర వెనక్కి వెళ్ళింది. దుకాణంలో మేళం మొత్తం నిక్కర్లతో నిలబడి ఎదురుచూసింది. ఏడుపు తగ్గింది. చప్పరింపు వినిపించింది. తర్వాత వీపు మీద తట్టిన శబ్దం. చాలాసేపు అదే.

తెర వెనకనుంచి ఇంత పెద్ద తేన్పు వచ్చింది.

"శ్రుతి బాగుంది," అన్నాడు మాస్టారు అలవాటు కొద్దీ.

కోడలు తెర తీసుకుని వచ్చింది. పిల్ల భుజం మీద గుడ్డముక్కలా వాలిపోయి నిద్రపోతోంది. నాయనమ్మ డబ్బా సంగతి మరిచిపోయి మేళం వైపు తిరిగింది.

"చూశారా! ఇదీ పథ్యం అంటే. తల్లి తిన్నదే పిల్ల కడుపులోకి వస్తుందని నెత్తీ నోరూ కొట్టుకున్నా. పొద్దుట్నుంచి ఇది తిన్నది ఉట్టి అన్నం. పిల్ల ఎంత హాయిగా పడుకుందో చూడండి! ఉండండి, ఎండన పడొచ్చారు, మంచినీళ్ళు తెస్తా."

ఆవిడ లోపలికి వెళ్ళింది. గిన్నె మూత తీసిన చప్పుడైంది. ఇంకో మూత. ఇంకో మూత. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో మంచినీళ్ళు లేవు, పప్పు గిన్నె ఉంది. అద్దంలా అడుగు మెరుస్తోంది.

"ఈ పప్పంతా ఎవరు తిన్నారు?"

"నేనే అత్తయ్యా," అంది కోడలు.

"క్యాబేజీ కూర?"

"అదీ నేనే."

"గుడ్లు?"

కోడలు తల ఊపింది. "దుంపల వేపుడు కూడా. ఆకలి ఆగలేదు అత్తయ్యా. ఆయన మిషన్ తొక్కుతున్నంతసేపూ తింటూనే ఉన్నా. దాని తర్వాతే కదా ఇప్పుడు పాలిచ్చింది."

నాయనమ్మ పిల్ల వైపు చూసింది. పిల్ల నిద్రలో నవ్వుతోంది. మేళం వైపు చూసింది. వాళ్ళంతా నేల వైపు చూస్తున్నారు.

"అమ్మా," అన్నాడు మాస్టారు ఎంతో మర్యాదగా, "తల్లి తిన్నదే పిల్ల కడుపులోకి వస్తుందని మీరేగా సెలవిచ్చారు. మంచి భోజనమే వచ్చినట్టుంది."

పది మందిలో అన్న మాటని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. నాయనమ్మ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల్నుంచి "అమ్మాయ్, రాత్రికి పప్పు ఎంత పోయాలి?" అన్న కేక వచ్చింది. క్షమాపణ అన్నది ఆ వయసులో అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. కోడలు పిల్ల వీపు మీదుగా కళ్ళు తుడుచుకుని, "అందరికీ సరిపడా పోయండి అత్తయ్యా," అంది.

మేళం వాళ్ళు నేల మీద గొంతుక్కూర్చుని తలో ప్యాంటూ పుచ్చుకుని దారాలు లాగారు. పిల్ల లేస్తుందని అందరూ సైగలతోనే తిట్టుకున్నారు. కాళ్ళ మూతులు విప్పేసరికే టైము మించిపోయింది. జేబులు అలాగే ఉండిపోయాయి. వీధి చివర వరకూ డోళ్ళు చంకల్లో నొక్కిపట్టుకుని మునివేళ్ళ మీద నడిచి వెళ్ళారు. జేబుల్లో చేతులు పెట్టుకునే వీల్లేక ఆ సాయంత్రం వాళ్ళు మునుపెన్నడూ లేనంత శ్రద్ధగా వాయించారని తర్వాత మాస్టారే చెప్పాడు. పోటీ కొట్టు అంత బాగా తెరుచుకోవడంలో తన చేతి పనికూడా ఉన్నందుకు టైలరుకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

పాలడబ్బా అరలోనే ఉండిపోయింది. పారేయడానికి మనసొప్పక నాయనమ్మ సాయంత్రం దాంతో టీ పెట్టుకుని రెండు గ్లాసులు తాగింది. దీపాలు పెట్టే వేళకి పొట్ట పట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతూ, "ఒరేయ్, నాకు గాలి పట్టేసిందిరా," అని మూలగడం మొదలుపెట్టింది.

ఆవిడ కోసం మాత్రం ఎవరూ మిషన్ తొక్కలేదు.