ఆగవలసిన చిప్పు

ఆ రోజు ఆమె పెట్టుకున్న పని ఒక్కటే. చెడిపోయిన బోర్డును చెడిపోయినట్టే, దాని చెడుకు ఏ లోటూ రాకుండా, ఫ్యాక్టరీకి చేర్చాలి.

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను టెస్టింగ్ అక్క అంటారు. ముందురోజు సాయంత్రం ఆ బోర్డును పాత తువ్వాలులో పసిబిడ్డలా చుట్టి ఇంటికి తెచ్చుకుంది. భోజనాల బల్ల మీద పెట్టి, గడియారం పక్కన పెట్టుకుని, నాలుగుసార్లు నడిపి చూసింది. నాలుగుసార్లూ పదకొండో నిమిషంలో ఆగిపోయింది. ఆమె ప్రాణం కుదుటపడింది.

అది ఆసుపత్రిలో రోగికి ఊపిరి అందించే యంత్రంలోని బోర్డు. దాని మీది ప్రాసెసర్ చిప్పు ఒకనాడు చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. నర్సు చేత్తో గాలి కొడుతూ కూర్చోబట్టి ఆ మనిషి దక్కాడు. ఆ దెబ్బతో యంత్రాలు చేసే కంపెనీ వాళ్లు పరుగున వీళ్ల దగ్గరికొచ్చి కాపలా బోర్డులు అడిగారు. కాపలా బోర్డు చేసే పని చాలా చిన్నది. సెకనుకోసారి ప్రాసెసర్ "ఉన్నాను" అని దానికి సంకేతం పంపాలి. ఒక్కసారి పంపకపోయినా ఎర్రలైటు వెలిగి బజర్ మోగుతుంది. మూడువందలు తయారై అట్టపెట్టెల్లో ఉన్నాయి. కంపెనీ పెద్దమనిషి పెట్టిన షరతు ఒకటే: రోగి ప్రాణం మీదికి తెచ్చిన ఆ చిప్పునే కాపలా బోర్డు తన కళ్లముందు పట్టుకోవాలి. పట్టుకుంటే సరుకు తీసుకుంటాడు. లేకపోతే నెలాఖరుకు టెస్టింగ్ విభాగం మూత, ఆమెతో సహా నలుగురు ఆడవాళ్లు ఇంటికి. మేనేజరు ఈ మాట దాచకుండానే చెప్పాడు.

ఆమె స్నానం చేసి వచ్చేసరికి బోర్డు తువ్వాలులో చుట్టి సిద్ధంగా ఉంది. పక్కన భర్త నిలబడి ఉన్నాడు. టీవీలు, రేడియోలు బాగుచేసే అతని దుకాణం మూతపడి ఆరునెలలైంది. ఈ ఆరునెలల్లో అతని ముఖంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

"నీకో మంచి మాట చెప్పాలి," అన్నాడు.

"బస్సు పోతుందండీ! సాయంత్రం చెబుదురుగాని."

పదింటికి కంపెనీ పెద్దమనిషి వచ్చాడు. ఆమె బోర్డుకు కాపలా బోర్డు తగిలించి స్విచ్ వేసింది. "పదకొండో నిమిషంలో చూడండి సార్," అంది మేనేజరుకన్నా ముందే.

పదకొండు నిమిషాలయ్యాయి. పదిహేనయ్యాయి. ఇరవై రెండయ్యాయి. ఎర్రలైటు ఆరిపోయిన పొయ్యిలా అలాగే ఉంది.

"లైటు పోయుంటుంది," అన్నాడు మేనేజరు. లైటు మార్చారు. లాభం లేదు. బోర్డును ఆపకుండానే కాపలా బోర్డు మార్చారు. అదీ నోరు మెదపలేదు. మూడోదీ అంతే. పెద్దమనిషి కళ్లద్దాలు తుడుచుకుని, "మూడువందలూ ఇంతేనా?" అన్నాడు.

ఆ ఒక్కమాటతో మేనేజరు పెట్టెలన్నీ విప్పించాడు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆవిడ ముందురోజంతా అతికించిన టేపుల్ని తానే చర్రుచర్రున చించుతూ, "ఇదేం ఖర్మ అక్కా? నిన్న పెళ్లి, ఇవాళ విడాకులు!" అని గొణిగింది. ఒక్కొక్క కాపలా బోర్డునూ తెచ్చి తగిలించడం, కాసేపు చూడడం, తీసేయడం. నలభై బోర్డులయ్యేసరికి పన్నెండు దాటింది. నలభైలో ఒక్కటీ కూయలేదు.

చివరికి ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు మేనేజరు ఆమె మీద పడ్డాడు.

"పాసైనట్టు సంతకాలు ఎవరివమ్మా?"

"నావే సార్."

"మూడువందల సంతకాలు! ఒక్కటైనా చూసి పెట్టావా?"

ఆమెకు ఏడుపొచ్చింది. తన కోసం కాదు. వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లు తనవైపే చూస్తున్నారు. అందులో ఒకామె అప్పుడే తన డ్రాయర్‌లోంచి దువ్వెన, చెప్పులు తీసి సంచిలో సర్దుకుంటోంది.

కన్నీళ్లు కనబడకుండా ఆమె బోర్డు మీదికి వంగింది. ఘాటుగా ఏదో వాసన తగిలింది. స్పిరిట్ వాసన. ఆ వాసన ఇరవై ఏళ్లుగా భర్త చొక్కాలకు ఉంటుంది. ఏదైనా బాగుచేశాక దూదితో స్పిరిట్ పెట్టి తుడవనిదే అతనికి తోచదు.

ఆమె వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేసింది.

"ఎలా ఉంది బోర్డు?" అన్నాడు భర్త, ఫోన్ ఎత్తగానే.

"బాగా నడుస్తోంది."

"చూశావా! ప్రోగ్రాం వేరే చిప్పులో ఉంది కదా, దాన్ని ముట్టుకోలేదు. ప్రాసెసర్ ఒక్కటి సాకెట్‌లోంచి లేపి నా దగ్గరున్నది పెట్టాను. అయిదు నిమిషాల పని! రాత్రి నువ్వు ఆగిపోయింది, ఆగిపోయింది అని నాలుగుసార్లు నిట్టూర్చడం విన్నాలే."

"పాతది ఏదండీ?"

"డబ్బాలో వేశాను."

"ఏ డబ్బాలో?"

"చిప్పుల డబ్బాలో. ఓ నూటయాభై ఉంటాయి. అన్నీ అలాంటివే."

ఆమె గోడ పట్టుకుని, "ఆ డబ్బా తీసుకుని వెంటనే రండి," అంది.

లోపలికొచ్చి, భర్త దుకాణం సంగతితో సహా నిజం చెప్పేసింది. ప్యాకింగ్ ఆవిడ ముక్కున వేలేసుకుంది. "మా ఆయన మంచినీళ్ల గ్లాసు కూడా జరపడు తల్లీ. నా అదృష్టం ఇవాళ తెలిసింది."

ఒంటిగంటకు భర్త వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, రెండు చేతులా బిస్కెట్ డబ్బా పట్టుకున్నాడు. బల్ల మీద ఇంకా నడుస్తున్న బోర్డును చూసి, "పొద్దుటినుంచీ ఆగలేదా?" అని మురిసిపోయాడు.

"ఆగకపోవడమే మా ఏడుపు," అన్నాడు మేనేజరు.

పెద్దమనిషి డబ్బాలోకి తొంగిచూశాడు. నల్లని చిప్పులు, ఒకేలాంటి కాళ్ల వరుసలతో, చచ్చిన జెర్రుల్లా. "ఇందులో చెడిపోయింది ఏది?"

"చెడిపోయినవి నేను దాచనండీ," అన్నాడు భర్త, నొచ్చుకుంటూ. "పాత యంత్రాల్లోంచి ఏరి, మంచివని తేల్చుకునే వేశాను. మీది ఒక్కటే చెడ్డది."

మేనేజరు లెక్కవేశాడు. ఒక్కోదానికి పదకొండు నిమిషాలు. నూటయాభైకి ఇరవై ఏడున్నర గంటలు. పెద్దమనిషి ఇక లెక్కలు వినలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని లేచాడు.

"మీ తప్పు లేదనే అనుకుంటానమ్మా. కానీ నేను చూడందాని మీద సంతకం పెట్టలేను. ఊపిరి విషయం."

అతను గుమ్మం దాకా వెళ్లాడు. అప్పుడు బజర్ మోగింది.

అందరూ వెనక్కి తిరిగారు. స్విచ్ ఆపడం ఎవరికీ తట్టని ఆ బోర్డు పక్కన ఎర్రలైటు నిప్పుకణికలా వెలుగుతోంది.

పెద్దమనిషి సంచి కింద పడేసి వచ్చాడు. మీటరు తగిలించి చూశాడు. వైర్లు కదిపి చూశాడు. కాపలా బోర్డు మార్చి, మళ్లీ మార్చి చూశాడు. తగిలించిన ప్రతిదీ కేకపెట్టింది. ప్రాసెసర్ నిజంగానే ఆగిపోయింది.

"మూడుగంటలు నడిచి, దానంతట అది చచ్చింది," అన్నాడు మెల్లగా. "ఎవరూ అనుకోలేదు. ఇంతకన్నా పరీక్ష ఏముంటుంది?"

చప్పట్లు కొట్టారు. గోడ దగ్గరి ఆడవాళ్లు ఒకరినొకరు వాటేసుకున్నారు. సంచిలోకి వెళ్లిన దువ్వెన మళ్లీ డ్రాయర్‌లోకి వచ్చింది. పెద్దమనిషి నిలబడే సంతకం పెట్టాడు.

భర్త మాత్రం లైటునే చూస్తున్నాడు. "నేను పెట్టిందేనా ఆగింది?" అన్నాడు.

"వేడెక్కి ఉంటుందిలెండి," అంది ఆమె.

"వేడి కాదమ్మా, చిప్పే పుచ్చింది," అన్నాడు పెద్దమనిషి. అబద్ధం ఆడడం తెలియని మనిషి. "దుకాణంలో కూడా ఇవే వాడేవారా?"

భర్త తలూపాడు. జనం కొత్తవి కొనే రోజులొచ్చి దుకాణం మూతపడిందని అతను అందరికీ చెప్పేవాడు. ఆమె కూడా అలాగే చెప్పేది. బాగుచేసి పంపినవి వారం తిరక్కుండా వెనక్కి వచ్చేవని ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

మేనేజరు ఉత్సాహం పట్టలేక అతని భుజం తట్టాడు. "ఆ డబ్బా ఇక్కడే వదిలెయ్యండి సార్. మా పరీక్షలకి ఇంతకన్నా మంచివి ఎక్కడా దొరకవు!"

భర్త ఆమెవైపు చూశాడు. ఆమె పాత తువ్వాలు మడతపెడుతోంది. అతను డబ్బాను రెండు చేతులా బల్ల మీద పెట్టి, మూత సరిగ్గా బిగించాడు.

ఇంటికి బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చారు. ఆమె ఉద్యోగం నిలబడింది కాబట్టి దారిలో ఇద్దరికీ మాట్లాడుకోవలసిందేమీ లేకపోయింది.

సాయంత్రం అన్నం తింటుండగా పంకా టకటకమని ఆగిపోయింది. ఇద్దరూ తలెత్తకుండా, చెమటతోనే, భోజనం పూర్తిచేశారు.