మొగోళ్ల బీమారి

హిమోఫీలియా మీద తమ సంఘం యుద్ధం ప్రకటించిందని 1994లో గల్ఫ్‌లోని హమ్రియాలో కమ్రాన్ సాహెబ్ మైకు పట్టుకుని గర్జించారు. ఆయన ప్రవాసుల రక్తరక్షణ సమితికి శాశ్వత అధ్యక్షులు. రక్తం ఒక పట్టాన గడ్డకట్టని ఆ జబ్బుకు మందు తెప్పించి, సమితి ఫ్రిజ్‌లో దాచిన మహానుభావులు.

ముందు వరసలో కడప రుబీనా నిండు గర్భంతో కూర్చుంది. తమ్ముడు ఇస్రార్‌కు గడ్డం గీసుకుంటూ తెగినా సమితి మందు ఇచ్చేది. నిరుడు పన్ను పీకించుకున్న రుబీనా మాత్రం రక్తం ఆగక, నోట్లో గుడ్డ కుక్కుకునే కుట్టుమిషన్ తొక్కింది. సభ ముగిశాక ఆమె అధ్యక్షుల దగ్గరికి వెళ్లింది.

"నాకూ ఇదే జబ్బంటన్నా. బౌషర్‌లో సంధ్య డాక్టరమ్మ చెప్పింది. వాళ్లది చిన్న ఆస్పత్రి, ఈ మందు లేదంట. కాన్పుకు మీరే ఇయ్యల్ల."

కమ్రాన్ సాహెబ్ జాలిగా నవ్వారు. "ఇది మొగోళ్ల బీమారి చెల్లె. ఆడోళ్లు క్యారియర్లు. ఉత్తగ మోస్తరంతే."

"తమ్మునికి కారితే జబ్బు. నాకు కారితే?"

"క్యారియర్."

సంధ్య డాక్టరే ఫోన్ చేసి, రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ తమ్ముడికన్నా అక్కకే తక్కువుందని చెప్పింది. అధ్యక్షులు సైన్సును గౌరవించే మనిషి. కార్యవర్గాన్ని సమావేశపరిచి, బిర్యానీ పెట్టించి, రుబీనాను 'గౌరవ రోగి'గా వర్గీకరించారు. గౌరవ రోగికి శాలువా ఇస్తారు. మందివ్వరు.

శాలువా ఒళ్లో పెట్టుకుని రుబీనా ఏడ్చింది. వాళ్లమ్మ ఇస్రార్‌ను కని, రక్తం ఆగకే చచ్చిపోయింది.

అక్కకు నొప్పులు మొదలవగానే ఇస్రార్ సమితి ఆఫీసుకు పరిగెత్తాడు. "సాబ్, రక్తం పోతాండాది! మందియ్యండి!"

"ఎక్కడ?"

"లోపల!"

మగ రోగి మాటకు తిరుగు లేదు. కమ్రాన్ సాహెబ్ ఫ్రిజ్ ఖాళీ చేసి ఇచ్చారు. ఇస్రార్ టాక్సీలో బౌషర్ చేరాడు. సంధ్య డాక్టర్ ఆ మందును రుబీనాకు ఎక్కించింది. ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది.

సంగతి సమితికి తెలిసింది. నియమం తప్పిందని ఒప్పుకుంటే పరువు పోతుంది, ఊరుకుంటే విజయం పోతుంది. అధ్యక్షులు ఆలోచించి మైకు అందుకున్నారు. "మన సభ్యుడు ఇస్రార్‌కు సుఖప్రసవం! అందరూ క్షేమం!"

చప్పట్లు మోగాయి.

ఆ సాయంత్రమే ఆయన ఫొటోగ్రాఫర్‌తో ఆసుపత్రికి వచ్చి ఇస్రార్ మెడలో దండ వేశారు. తర్వాత రుబీనా వైపు తిరిగారు.

"బాబా, పాపా?"

రుబీనా బిడ్డ మొహం చూసింది. చుట్టిన గుడ్డను ఇంకాస్త బిగించింది.

"బాబేనన్నా."